తారలును తీర్పులును

స్పష్టముగా కానరాని వస్తువును గూర్చి మనుష్యుడు ఎట్లు మాటలాడవలెను? ఈ ప్రశ్న తర్కశాస్త్రమునకు సంబంధించినదిగా పైకి తోచును. కాని విచారించి చూచినచో నిది మన యిండ్లలో ప్రతిదినమును పుట్టెడి ధర్మప్రశ్న. క్రొత్తగా వచ్చిన కోడలిని గూర్చియు, పొరుగూరినుండి వచ్చి మన వీధిలో దిగిన కాపురమును గూర్చియు, బడిలో వెనుకబడిన పిల్లవానిని గూర్చియు మన మెఱిగినది గోరంత, చెప్పునది కొండంత. ఎఱుగనిదానిని గూర్చి మౌనముగా నుండుట మనకు కష్టము. ఎఱిగినంతవఱకే చెప్పి యాగుట అంతకన్నను కష్టము.

కేవలము మసకగా కనబడు వస్తువులనే వెదకి, వానిని గూర్చి యెంత చెప్పవచ్చునో అంతయే చెప్పుటను జీవితవ్రతముగా పెట్టుకొన్నవారు కొందఱు పందొమ్మిదవ శతాబ్దమున నుండిరి. వారు నీహారికలను, తారాగుచ్ఛములను కనిపెట్టి పట్టికల కెక్కించిన జ్యోతిశ్శాస్త్రజ్ఞులు. వారి పనిలో మన గృహధర్మమునకు అక్కఱకు వచ్చు నీతి యొకటి కలదని మా యభిప్రాయము. దానిని చదువరుల యెదుట నుంచుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

నిర్మలమైన చీకటిరాత్రి ఆకాశమును చూచువారికి చుక్కల నడుమ నచ్చటచ్చట తెల్లని మరకలవంటివి కానవచ్చును. మన పెద్దలు వానిలో కొన్నిటిని బాగుగా నెఱుగుదురు. కృత్తికలను మన పల్లెలలో పిల్లలకోడి యందురు. మంచికన్నులు గలవారు దానిలో నాఱు చుక్కలను లెక్కింతురు. 1610లో గెలీలియో తన చిన్న దూరదర్శినితో చూచి అచ్చట ముప్పదికి మించిన నక్షత్రములను గుర్తించెను. నేటి గణన ప్రకారము వేయికి పైగా తార లా గుంపున నున్నవి. అవి మనకు సుమారు 440 కాంతిసంవత్సరముల దూరమున నున్నవి. పుష్యమి నక్షత్రమున నొక మబ్బుమరక కలదు. అదియు దూరదర్శినిలో చూచినచో వేఱువేఱు చుక్కల గుంపే. కాని మృగశిరకు దిగువను, వరుసగా నిలిచిన మూడు చుక్కల క్రింద, కానవచ్చు మరక యట్టిది కాదు. దానిని ఎంత పెద్ద దూరదర్శినితో చూచినను, నడుమ కొన్ని చుక్కలు బయలుపడునుగాని మబ్బు మబ్బుగానే నిలిచియుండును. కంటికి రెండును మరకలే. ఒకటి తారల సమూహము. మఱియొకటి తారలచే వెలిగింపబడిన వాయువు.

ఈ భేదము మన విశాఖపట్టణ ప్రాంతమువారికి సులభముగా బోధపడును. ఇచ్చటికి సమీపమున పద్మనాభమను గ్రామము కలదు. కొండపైన అనంతపద్మనాభస్వామి యాలయము. అడుగునుండి పైవఱకు వేయికి మించిన మెట్లు. కార్తిక బహుళామావాస్యనాటి సాయంకాలమున భక్తులు ఆ మెట్లపై దీపములు పెట్టుదురు. చాల దూరమునుండి చూచువానికి కొండపై వెలుగుచార యొక్కటియే కానవచ్చును. కొంత దగ్గఱకు వచ్చినచో చార విడివడి దీపము లగును. పాదమునొద్దకు వచ్చి నిలిచినచో మఱియొక సంగతి తెలియును: వెలుగులో కొంతభాగము దీపములది కాదు, దీపముల నడుమ వ్రేలాడు పొగ వెలుగు. దూరముననున్నవాడు 'అది యంతయు దీపములే' యన్నను, 'అది యంతయు పొగయే' యన్నను తప్పే యగును. 'అచ్చట వెలుగు కనబడుచున్నది. ఇంత పొడవు, ఇంత కాంతి' యన్నవాడొక్కడే తప్పు పలుకనివాడు. ఆ మాసమునకు కృత్తికల వలననే పేరు వచ్చినది. ఆ రాత్రి మెట్లపై దీపములు వెలుగునప్పుడు తూర్పున నుదయించిన కృత్తికలు క్రమముగా నడినెత్తికి వచ్చుచుండును. క్రింద నున్న ప్రశ్నయే మీదను నున్నది.

మీది ప్రశ్నను పట్టుకొన్నవారిలో మొదట చెప్పదగినది హెర్షెల్ కుటుంబము. విలియం హెర్షెల్ జర్మనీదేశపు హనోవరునుండి ఇంగ్లండునకు వచ్చి సంగీతోపాధ్యాయుడుగా జీవించుచు, తన చేతితో దర్పణములను నూఱి దూరదర్శినులను నిర్మించుకొనెను. 1781లో యురేనస్ గ్రహమును కనిపెట్టెను. 1786 మొదలు 1802 వఱకు మూడు పట్టికలలో 2,500 నీహారికలను, తారాగుచ్ఛములను లోకమునకు తెలిపెను. పెద్ద దూరదర్శినితో చూచిన కొలదియు మరకలు చుక్కలుగా విడిపోవుటను గాంచి, నీహారికలన్నియు తారాసమూహములే యని యాయన మొదట తలచెను. కాని 1790లో నొకనాటి రాత్రి చక్కని మబ్బువలయము నడుమ నొంటరియైన తార యొకటి కానవచ్చెను. ఆ మబ్బు తారల గుంపయ్యెనేని ఆ నడిమి తార యూహకందని పరిమాణము గలదై యుండవలెను. ఆయన తన పూర్వాభిప్రాయమును విడిచి, ఆకాశమున నిజముగా కాంతిమయమగు ద్రవ్యము కలదని మఱుసటి యేట ప్రకటించెను. లోకము మెచ్చిన తన మాటను తానే కొట్టివేయుటకు కావలసిన ధైర్యము దూరదర్శిని నిర్మించుటకు కావలసిన నేర్పుకంటె తక్కువది కాదు.

ఈ పని యంతయు నొక్క పురుషుని పని యని తలచువారు అతని చెల్లెలగు కరోలైన్ హెర్షెల్ చరిత్రమును చదువవలెను. ఆమె 1750లో జన్మించెను. బాల్యమున జ్వరము తగిలి యెదుగుదల నిలిచిపోయెను. రూపమును ధనమును లేవు గనుక ఆమెకు పెండ్లి కాబోదని తండ్రియే చెప్పెను. ఇంటిచాకిరికి తప్ప వేఱొకదానికి ఆమె పనికిరాదని తల్లి నిశ్చయించి, చదువునకు అడ్డుపడెను. 1772లో అన్న వచ్చి ఆమెను తనతో తీసికొనిపోవునప్పుడు, ఆమె చేయు పని చేయుటకు మనిషిని పెట్టుకొనుటకై తల్లికి సొమ్ము ఏర్పఱుపవలసి వచ్చెను. అట్టి పిల్ల, రాత్రులు గడియారమును దీపమును ముందుంచుకొని అన్న కేకవేసి చెప్పినదెల్ల వ్రాసి, పగలు దానిని గణించి, శుద్ధప్రతిగా నెక్కించెను. తానును ఆకాశమును వెదకి 1783లో కొన్ని నీహారికలను, తారాగుచ్ఛములను కనిపెట్టెను. ఎనిమిది తోకచుక్కలను చూచెను. 1787 మొదలు రాజు ఆమెకు ఏటికి 50 పౌనుల జీత మిచ్చెను. అన్న మరణించిన పిదప స్వదేశమునకు పోయి, డెబ్బదియైదవ యేట, ఆయన కనిపెట్టిన 2,500 వస్తువులను మేనల్లునికి వెదకుటకు వీలగు క్రమమున తిరిగి పట్టికగా కూర్చెను. ఆ పనికే రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ 1828లో ఆమెకు బంగారుపతకము నిచ్చెను. తల్లిదండ్రు లామెను చూచినది మసకచూపు, చెప్పినది తుదితీర్పు. ఆ తీర్పే నిలిచియుండినచో ఆ పట్టిక లేదు.

ఆ మేనల్లుడే జాన్ హెర్షెల్. తండ్రి చూచిన మరకలన్నిటిని తాను మఱల చూడవలెనని యాయన పూనుకొనెను. ఇది గమనింపదగిన విషయము. తండ్రి మహానుభావుడు, ఆయన వ్రాసినది ఋజువుగా నంగీకరించి యూరకుండినను ఎవ్వరును తప్పుపట్టరు. కాని పితృభక్తి యనగా తండ్రి చూపిన చోటికి పోయి మఱల చూచుటయే యని కుమారు డెంచెను. 1833లో ప్రకటించిన పట్టికలో 2,300కు పైగా వస్తువు లున్నవి. అందు 525 క్రొత్తవి. ఇంగ్లండునుండి కానరాని దక్షిణాకాశమును శోధించుటకై, ఆయన స్వంత వ్యయముతో భార్యాపుత్రులతో దక్షిణాఫ్రికాకు పోయి 1834 మొదలు 1838 వఱకు అచ్చట నుండెను. ఆ పరిశీలనల ఫలితముగా 1847లో వెలువడిన గ్రంథమున దక్షిణాకాశపు నీహారికలు, తారాగుచ్ఛములు 1,700కు పైగా వర్ణింపబడినవి. 1864లో ఆయన సమకూర్చిన సామాన్యపట్టికలో వాని సంఖ్య 5,079. దానిని పెంచి డ్రయర్ అను పండితుడు 1888లో 7,840 వస్తువుల పట్టిక నేర్పఱచెను. ఆ సంఖ్యలతోడనే నేటికిని జ్యోతిశ్శాస్త్రజ్ఞులు వానిని పేర్కొనుచున్నారు.

ఆ పట్టికలలోని పంక్తు లెట్టివో కొంచెము చూడవలెను. ఒక్కొక్క వస్తువునకు ఆకాశమున దాని స్థానము, తరువాత కొలది యక్షరములలో దాని యాకారము: ప్రకాశవంతమా, మందమా, పెద్దదా, చిన్నదా, గుండ్రనిదా, కోలదా, నడుమ కాంతి హెచ్చుచున్నదా, లేదా, చుక్కలుగా విడినదా, విడలేదా. అంతే. అది యేమైయున్నదను ప్రశ్నకు ఆ పంక్తిలో చోటు లేదు. తొందరపడినచో నేమగునో తెలిపెడి దృష్టాంతము కూడ ఆ కాలముననే కలదు. జేమ్స్ డన్లప్ అను పరిశీలకుడు ఆస్ట్రేలియాలో కొలది మాసములు చూచి 629 దక్షిణ నీహారికల పట్టికను 1828లో ప్రకటించెను. జాన్ హెర్షెల్ దక్షిణాఫ్రికానుండి వెదకగా వానిలో 211 మాత్రమే దొరకినవి. డన్లప్ పనివాడు కాకపోలేదు. అతడు కనిపెట్టినవానిలో మేలైనవియు గలవు. కాని మిగిలినవానికై తరువాతివారు ఎన్ని రాత్రులు వృథాగా వెచ్చించిరో ఆలోచింపుడు. ఒకడు తొందరపడి వ్రాసిన పంక్తి ఇతరుల కాయుస్సును తినివేయును.

ఇక తీర్పు చెప్పినవారి గతి యెట్లయ్యెను? 1845లో ఐర్లండున రోస్ ప్రభువు ఆఱడుగుల దర్పణముగల మహాదూరదర్శినిని నిలిపెను. దానితో మృగశిర దిగువనున్న నీహారిక చుక్కలుగా విడుచున్నదని వార్త పుట్టగా, మబ్బులన్నియు తారలే యని యనేకులు నిశ్చయించుకొనిరి. 1864లో విలియం హగ్గిన్స్ వర్ణపటదర్శినిని ఒక చిన్న నీహారికపైకి త్రిప్పెను. తారల వెలుగు వర్ణపటమున అఖండముగా పఱచుకొనును. ఇచ్చట కానవచ్చినది ప్రకాశించు గీత మాత్రమే. అది మండుచున్న వాయువునకు లక్షణము. అప్పుడు లోకము రెండవ వైపునకు మొగ్గి, నీహారికలన్నియు వాయువే యనవచ్చునని తలచెను. ఆ మాటయు నిలువలేదు. 1923లో ఎడ్విన్ హబుల్ ఉత్తరాభాద్రకు సమీపమున నున్న ఆండ్రోమెడా మరకలో కాంతి హెచ్చుతగ్గులగు తారను పట్టుకొని, అది మన తారాలోకమునకు వెలుపల నున్న మఱియొక తారాలోకమని తేల్చెను. దాని దూరము సుమారు 25 లక్షల కాంతిసంవత్సరములని నేడు తెలియవచ్చినది. నూఱేండ్లలో సిద్ధాంతములు ముమ్మాఱు తలక్రిందులైనవి. హెర్షెల్ వ్రాసిన 'మందము, కోల, నడుమ కాంతి హెచ్చు' అను పంక్తులు మాత్రము చెక్కుచెదరలేదు. చూచినంత వ్రాసినవాని వ్రాత ప్రతి సిద్ధాంతమునకును పనికివచ్చినది.

ఇప్పుడు మన యింటికి వత్తము. మనదేశమున నక్షత్రములను గూర్చి మాటలాడని యిల్లు లేదు. పిల్ల పుట్టగానే నక్షత్ర మడుగుదురు. పెండ్లిమాటలలో కులగోత్రముల తరువాత నడుగునది నక్షత్రమే. మూలా నక్షత్రమున పుట్టిన కోడలు మామగారికి కీడు, ఆశ్లేష యత్తగారికి, జ్యేష్ఠ బావగారికి, విశాఖ మఱదికి. ఈ లెక్క యెఱుగని ముత్తైదువ మన ప్రాంతమున నరుదు. విశాఖ యను మాటను మన పట్టణపు పేరున ప్రీతితో పలుకుదుము. ఆ పేరుగల నక్షత్రమున పుట్టిన పిల్ల సంబంధము వచ్చినచో మాట దాటవేయుదుము. సద్గుణవతి యగు కన్యకు, మంచి చదువు చదివినదానికి, నక్షత్రము పేరు వినగానే వచ్చినవారు కాఫీ త్రాగి లేచిపోవుటను చూడని బంధువర్గ మున్నదా? ఆ పిల్ల యేమి తప్పు చేసినది? పుట్టినది. ఎప్పుడు పుట్టినది? చంద్రుడు ఆకాశమున నొక భాగమున నున్నప్పుడు.

ఆ భాగ మెట్టిదో చూతము. మూల యనునది వృశ్చికపు తోక. ఆ తోక కొండికి చేరువనే యొక దీప్తిమంతమైన తారాగుచ్ఛము కలదు. దానిని రెండవ శతాబ్దమున టాలెమీ మబ్బుమరకగా వ్రాసియుంచెను. ఇంగ్లండులో ఆ తోక దిఙ్మండలము నంటి పొగమంచులో మునిగియుండును. హెర్షెల్ సముద్రములు దాటిపోయిన దక్షిణాఫ్రికాలో నది నడినెత్తికి వచ్చును. పద్మనాభమున కాపురమున్నవారు పడవ యెక్క నక్కఱలేదు. జ్యేష్ఠమాసమున వానలు పట్టకముందు, అర్ధరాత్రివేళ, డాబాపై పండుకొని దక్షిణమునకు చూచినచో దిఙ్మండలమునకు బాగుగా పైని ఆ కొండియు ఆ మరకయు కంటికే కానవచ్చును. ఆ గుచ్ఛము మనకు వేయి కాంతిసంవత్సరములకు దరిదాపు దూరమున నున్నది. చంద్రుడో, 3,84,000 కిలోమీటర్ల దూరమున మన వాకిటనే యున్నాడు. చంద్రుడు మూలలో నుండుట యనగా మన చూపుదారిలో ఆ తట్టున నుండుట మాత్రమే. కొబ్బరిచెట్టు తలపై చంద్రుడున్నట్లు కానవచ్చినంత మాత్రమున చెట్టునకు చంద్రునితో చుట్టఱికము కలుగదు.

మఱియు చంద్రుడు నెలనెలకును ఇరువదియేడు భాగములను చుట్టి వచ్చును. కావున లోకమున పుట్టు పిల్లలలో నించుమించుగా ఇరువదియేడుగురికొకరు మూలలో పుట్టవలసినదే. ఇరువదియేడు పెండ్లిపందిళ్లకొక పందిట మామగారి మృత్యువు పీటపై కూర్చున్నదనుట నిజమైనచో, అది యే జనసంఖ్యను లెక్కించువారి కంటను పడకుండునా? లోకము లెక్కించు విధ మిట్టిది: మూలలో పుట్టిన కోడలు వచ్చిన పిదప మామగారు గతించిన యిండ్లను జ్ఞాపక ముంచుకొందురు, మామగారు మనుమల పెండ్లిండ్లు చేసి నిండుగా బ్రదికిన యిండ్లను మఱచిపోవుదురు. హెర్షెల్ డన్లప్ పట్టికతో వెదకునప్పుడు దొరకినవానిని దొరకనివానిని కూడ లెక్కించెను. దొరకనిదానిని లెక్కింపనివాడు పరిశీలకుడు కాడు. వాడు ముందుగా వ్రాసికొన్న తీర్పునకు సాక్షులను పోగుచేయువాడు. పైగా ఈ దోషభారము తఱచుగా కన్యపైననే పడుట వింత కాదా?

మన పట్టణముననే వేఱొక విధముగా నక్షత్రములను చూచిన యిల్లు కలదు. గోడే వేంకట జగ్గారావు 1817లో జన్మించిన సంపన్న గృహస్థు. మద్రాసు వేధశాలకు అధిపతియై 11,015 తారల పట్టికను నిర్మించిన టేలర్ దొరగారివద్ద ఆయన జ్యోతిశ్శాస్త్రమును అభ్యసించెను. 1840లో విశాఖపట్టణమున తన యింటనే వేధశాల నేర్పఱచుకొనెను. 1856లో ఆయన మరణింపగా, అల్లుడు అంకితం వేంకట నరసింగరావు దాని భారము వహించెను. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగము చేసిన యీయన గ్రహణములను, గ్రహసంచారములను పరిశీలించి ఆ ఫలితములను లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి పంపుచుండెను. ఆ సంఘమున సభ్యుడయ్యెను. 1892లో మరణించెను. ఆ వేధశాల నేడు లేదు. నీహారికలను క్రొత్తగా కనిపెట్టినవారి పట్టికలో వీరి పేళ్లును లేవు. అయినను మామగారి దూరదర్శినిని అల్లు డందుకొనిన యా యిల్లు మన విషయమునకు గొప్ప నిదర్శనము.

1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నల్లని చుక్కవలె నడచిపోయెను. శుక్రుడు సూర్యునికి చేరువయైనప్పుడు మనవారు మూఢమందురు, శుభకార్యములు మానుదురు. సూర్యుని మొగముమీదనే శుక్రుడు నడచుటకన్న మించిన మూఢ మేముండును? ఆ దినమున విశాఖపట్టణమున నరసింగరావు దూరదర్శిని నొద్ద నిలిచి, శుక్రుని సంచారమును చూచి, వేళలను వ్రాసికొని లండనునకు పంపెను. సూర్యుని దూరమును తెలియుటకై ఆ దినమున నానాదేశములలో చేయబడిన కొలతలలో మన యూరి కొలతయు చేరెను. ఒకే గ్రహము, ఒకే దినము. ఒకరు తలుపు మూసికొనిరి. ఒకరు గడియారము చేతబట్టిరి.

గడియారమును గూర్చి మఱియొక మాట చెప్పవలసియున్నది. వేధశాలలో వేళకన్న పవిత్రమైనది లేదు. సెకను తప్పినచో శ్రమయంతయు చెడును. తోచిన వేళను వేసినవాడు శాస్త్రద్రోహి. మన జాతకముల మాట యేమి? దోషనక్షత్రమున పిల్ల పుట్టినదని భయపడిన తండ్రి, నక్షత్రము మాఱునట్లుగా పుట్టినవేళను గంటయో పూటయో ముందునకో వెనుకకో జరిపి వ్రాయించుకొనుట మనము వినని సంగతి కాదు. ఆయనను దూషించుటకు మాకు నోరాడదు. బిడ్డయొక్క సంసారసుఖమును, ఒక యబద్ధమును త్రాసున వేసికొన్న తండ్రి యేది యేరుకొనును? కాని యీ యాచారము చేయు హాని యెంతవఱకు పోయినదో గమనింపుడు. ఇది నిర్దోషియగు పిల్లను దోషిని చేయుటతో ఆగలేదు; సత్యవంతుడగు తండ్రిని అసత్యవాదిని చేసినది. ఆ పిల్ల తన పుట్టిన వేళనే దాచుకొని, ఎప్పుడు బయటపడునో యను దిగులుతో అత్తవారింట దీపము పెట్టవలసినదైనది. కీడు నక్షత్రమునుండి రాలేదు. నక్షత్రమును గూర్చిన తీర్పునుండి వచ్చినది.

ఇచ్చట కొందఱు పెద్దలు మమ్ము ప్రశ్నింపవచ్చును. 'మన పూర్వులు మూఢులా?' యని. కారు. యంత్రములు లేని కాలమున కంటితో చూచి, చంద్రమార్గమును ఇరువదియేడు భాగములు చేసి, ప్రతిభాగమునకు గుఱుతుగా తారలను ఏర్పఱచి, పేళ్లు పెట్టినవారు మహాపరిశీలకులు. జాన్ హెర్షెల్ తండ్రి పని యెడ చూపిన భక్తియే వారి యెడ మనము చూపవలెను: వారు చూపిన చోటికి పోయి మఱల చూడవలెను. చూచినచో మూలలో తారలు దొరకును. మామగారి మృత్యువు దొరకదు. దొరకినదానిని భద్రపఱచి, దొరకనిదానిని విడుచుట పూర్వుల కవమానము కాదు.

మఱికొందఱు వేఱుగా నడుగుదురు. 'నీహారికను గూర్చి తీర్పు చెప్పకుండ నూఱేండ్లు ఆగవచ్చును. వివాహ మట్లాగునా? ఒక దినమున ఔనో కాదో చెప్పి తీఱవలెను గదా?' ఈ యాక్షేపణ బలమైనది. తీర్పు చెప్పకుండుట యనగా నిర్ణయము చేయకుండుట యని మేము చెప్పుటలేదు. హెర్షెల్ ప్రతిరాత్రియు నిర్ణయములు చేసెను: ఇది ప్రకాశవంతము, ఇది మందము, ఇది విడినది, ఇది విడలేదు. అవి చూచినదానిమీద చేసిన నిర్ణయములు. పిల్లను చూడ వచ్చినవారును అట్లే చూడవచ్చును: చదువు, ఆరోగ్యము, మాటతీరు, ఇష్టానిష్టములు, ముఖ్యముగా ఈ సంబంధమును గూర్చి ఆమె మనస్సు. వీనిలో తెలిసినది తెలిసినంతగను, తెలియనిది తెలియదనియు తలచి నిర్ణయించినచో, పిమ్మట తప్పు కనబడినను దిద్దుకొనవచ్చును. నక్షత్రమును బట్టి చేసిన తీర్పునకు దిద్దుబాటు లేదు. అది యామెను చూడకయే చేసినది గనుక.

విద్య హెచ్చినచో ఇదంతయు తానే తొలగునని నమ్మియుండుటయు సరికాదు. నేడు చేతిలోని ఫోను క్షణమాత్రములో చంద్రుని స్థానమును గణించి నక్షత్రము చెప్పుచున్నది. జాతకములు పొంతన చూచుచున్నది. వివాహసంబంధముల పట్టికలలో వలదన్న నక్షత్రములను ముందుగానే తీసివేయుచున్నది. పూర్వము లేచిపోవుటకు ముందు కాఫీయైన త్రాగెడివారు. ఇప్పుడు ఆ పిల్ల మొగమైన చూడనక్కఱలేదు. చంద్రుని స్థానమును గణించు నేర్పు తరతరముల వేధశాలలు సంపాదించి పెట్టినది. ఆ నేర్పును మనము పుచ్చుకొని, ఆ నేర్పును పుట్టించిన శీలమును వాకిటనే విడిచిపెట్టితిమి. యంత్రము కొనవచ్చును, ఎఱుగనిదానిని గూర్చి నోరు కట్టుకొను శీలము కొన దొరకదు. దానిని ఇంటింట అభ్యసింపవలెను.

అభ్యాస మెక్కడ మొదలిడవలెనని యడుగువారికి మా విన్నప మిది. మీ యింట మూలలోనో, ఆశ్లేషలోనో, విశాఖలోనో పుట్టిన బాలిక యున్నచో, ఆమె పుట్టిన వేళను పుట్టినట్లుగానే వ్రాసియుంచుడు. దానిని దాచకుడు, మార్పకుడు. ఒక వేసవిరాత్రి పట్టణపు దీపముల వెలుగు తగలని చోటికి ఆమెను తీసికొనిపోయి ఆ నక్షత్రము నామెకే చూపుడు. దాని దూర మెంతయో, దానిని మొదట మరకగా చూచినదెవరో, ఆ మరక తారలుగా నెట్లు విడినదో చెప్పుడు. పెండ్లికాదని తీర్పు పొందిన కరోలైన్ కథను చెప్పుడు. పిమ్మట నెవరైన వచ్చి ఆ పిల్ల నక్షత్ర మేమని యడిగినప్పుడు, తలవంచుకొనకుండ ఆమెయే సమాధానము చెప్పగలుగును. అది ఆకాశమున నెచ్చట నున్నదో చూపగలుగును. అడిగినవారు ఆ చోటిని చూడగలరో లేదో వారే యాలోచించుకొందురు గాక.